పేటకు ఒక చుట్ట దూరం

నేను రాసిన చిన్న పుస్తకంలో ముప్పై ఒకటో పేజీలో ఒక తప్పు ఉంది. కింది నుంచి నాలుగో వరుస: "పెద్దూరు నుంచి పేటకు దూరం 900 మీటర్లు." అది అచ్చుతప్పు కాదు. అచ్చువేసినాయన నేనిచ్చింది ఇచ్చినట్టే వేశాడు. తప్పు నాది. నాలుగేళ్ళ పాటు నా కంటికి అది తప్పుగా కనిపించలేదు. కనిపించేసరికి పదమూడు మంది పిల్లల బడి మూతపడే దాకా వచ్చింది.

నేను ఒరిస్సా సరిహద్దు మండలంలో ముప్పై ఏడేళ్ళు నర్సుగా పనిచేశాను. పుట్టింది రాజాం దగ్గర. చదువు మిషను ఆసుపత్రిలో. 1963 జూలైలో ఇరవై ఒకటో ఏట ఇక్కడికి వచ్చాను, 2000 జూలై ఆఖరున రిటైరయ్యాను. వెనక్కి వెళ్ళలేదు. సబ్‌సెంటరు ఉన్న ఊళ్ళోనే రెండు గదుల ఇల్లు కట్టుకుని ఉండిపోయాను. నా చేతి మీద జరిగిన కాన్పులు రెండు వేల మూడు వందల పద్దెనిమిది. పదకొండు నోటు పుస్తకాలు. ప్రతి కాన్పుకూ తేదీ, వేళ, బిడ్డ బరువు, ఊరు, తల్లి పుట్టిల్లు రాసుకున్నాను. ప్రభుత్వం వారి రిజిస్టరులో తల్లి పుట్టిల్లు రాసే గడి లేదు. ఆ గడి నేనే గీసుకున్నాను, ఎందుకంటే మొదటి కాన్పుకు పిల్ల పుట్టింటికి పోతుంది, టీకాకు నేను అక్కడికి నడవాలి.

ఆ గడి వల్లే నాకు ఈ ఊళ్ళ చరిత్ర తెలిసింది. ఏ ఊరికి ఏ ఊరి పిల్లలు వస్తున్నారో, ఏ ఊరి నుంచి రావడం మానేశారో, ఏ పేట ఏ ఏడు పుట్టిందో ఆ గడి చూస్తే తెలుస్తుంది. కొండకు అటు ఒరిస్సా, ఇటు మేము. అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ కోడళ్ళు నడుస్తూనే ఉన్నారు. 1936 ఏప్రిల్ ఒకటో తేదీన ఒరిస్సా వేరుపడినప్పుడు ఈ వైపు ఊళ్ళు గంజాం జిల్లా నుంచి విశాఖపట్నం జిల్లాలోకి వచ్చాయి. 1950 ఆగస్టు పదిహేనున శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. పొయ్యి కూడా కదపకుండా మూడు జిల్లాలు చూశామని పెద్దూరు ముసలివాళ్ళు గొప్పగా చెప్పుకునేవారు.

పేట వాళ్ళు మాత్రం కదిలారు. వాళ్ళ ఇళ్ళు కొండకు అటు, పొలాలు ఇటు ఉండేవి. గీత గీసినప్పుడు ఇళ్ళు ఒక రాష్ట్రంలో, వరి మరో రాష్ట్రంలో పడ్డాయి. పదకొండు కుటుంబాలు పొలం వైపుకే వచ్చేశాయి. మట్టి గోడలు మోసుకురాలేరు కదా. ద్వారబంధాలు మాత్రం ఊడదీసి, ఒక్కోదాన్ని నలుగురేసి భుజాన పెట్టుకుని కొండ ఎక్కి దిగారు. ఇప్పటికీ పేటలో ఏడు ఇళ్ళకు అవే ద్వారబంధాలు. లతలు చెక్కిన పనసచెక్క. పొట్టి గోడల మధ్య అంత పెద్ద ద్వారబంధాలు చూస్తే కొత్తవాళ్ళకు వింతగా ఉంటుంది. ఇది ఏ సంవత్సరం జరిగిందని అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. అందుకని పుస్తకంలో "1936 తర్వాత, 1942కు ముందు" అని మాత్రమే రాశాను. 1942లో ఇటువైపే పుట్టిన మనిషిని నేను ఎరుగుదును. అంతకు మించి ఋజువు లేదు.

2012లో మండల కేంద్రం హైస్కూలు పెద్దమాస్టారు అడిగితే ఆ పుస్తకం రాశాను. ఇరవై ఆరు ఊళ్ళు, నలభై ఎనిమిది పేజీలు, మూడు వందల ప్రతులు. తేదీ లేని మాట రాయనని ముందే చెప్పాను. ఆయన నవ్వి, "మీరు రాస్తే మేం కొలుచుకోనక్కర్లేదమ్మా" అన్నారు. ఆ మాట నాకు బాగానే అనిపించింది. ఇప్పుడు గుర్తొస్తే బాగుండదు.

దూరాల సంగతి చెప్పాలి. తారురోడ్డు ఉన్నచోట కిలోమీటరు రాళ్ళు ఉన్నాయి. కొండదారుల్లో ఏమీ లేదు. ఇక్కడి వాళ్ళు దూరాన్ని చుట్టతో చెబుతారు. ఒక చుట్ట దూరం, రెండు చుట్టల దూరం. చుట్ట ముట్టించి బయలుదేరితే అది అయిపోయేసరికి ఎక్కడికి చేరతామో అంత. మా సబ్‌సెంటరు నౌకరు టీకాల డబ్బా భుజాన వేసుకుని నాతో పందొమ్మిదేళ్ళు నడిచాడు. అతను చుట్ట కాల్చేవాడు. 1974లో ఒకసారి తారురోడ్డు మీద మూడు మంగళవారాలు అతని చుట్టను కొలిచాను. రాయి దగ్గర ముట్టించమని, అయిపోయిన చోట నిలబడమని చెప్పి, అక్కడి నుంచి రాయి దాకా నా అడుగులు లెక్కపెట్టాను. పన్నెండు నిమిషాలు, తొమ్మిది వందల మీటర్లు. మూడుసార్లూ పదీ పదిహేను మీటర్ల తేడాలో అదే వచ్చింది. అప్పటి నుంచి చుట్ట అంటే నాకు తొమ్మిది వందల మీటర్లు.

పెద్దూరుకు నేను సబ్‌సెంటరు నుంచి మంగళవారం వెళ్ళేదాన్ని. పేటకు అడవి రోడ్డు మీదుగా శుక్రవారం వెళ్ళేదాన్ని. ఆ రెంటి మధ్య, గెడ్డ అనే కొండవాగు దాటి పోయే కాలిదారి పేట ఆడవాళ్ళది. పిండిమరకు, సంతకు, కిరసనాయిలుకు వాళ్ళు నడిచే దారి. ముప్పై ఏడేళ్ళలో ఆ దారిని ఈ చివర నుంచి ఆ చివర దాకా నేను ఒక్కసారి కూడా నడవలేదు. పుస్తకం రాసేటప్పుడు పేటలో అడిగాను. "ఒక సుట్ట" అన్నారు. తొమ్మిది వందలు రాశాను.

2016 ఏప్రిల్ పందొమ్మిది, మంగళవారం. ఉదయం పది దాటింది. పేట నుంచి ఒక ముసలామె మా ఇంటికి వచ్చింది. ఆమెకు నాకంటే మూడేళ్ళు ఎక్కువ. నేను వదినా అంటాను. ఆమె నలుగురు బిడ్డలూ నా పుస్తకాల్లోనే ఉన్నారు. గేటు తీస్తూనే మొదలుపెట్టింది.

"నర్సమ్మా! మా బడి మూసీమని నువ్వే రాసినావంట గదా!"

"నేనెందుకు రాస్తాను వదినా? ఎవరన్నారు?"

"ఎవుడంటాడు? ఆపీసరు బాబే అన్నాడు. నీ పుస్తకం సేతిలో ఎట్టుకొని మరీ సదివినాడు. పెద్దూరుకీ పేటకీ తొమ్మిదొందల మీటర్లేనట. కిలోమీటరు లోపల ఇంకో బడి ఉన్నాదంటే పిల్లలు తక్కువున్న బడిని అందులో కలిపీడమేనట. మా బడిలో పదమూడు గుంటలే సదువుతన్నారు. రేపు జూన్ నుంచి పెద్దూరు బడికే తోలీమన్నాడు."

నేను లోపలికి వెళ్ళి పుస్తకం తెచ్చి ముప్పై ఒకటో పేజీ తీశాను. ఉంది.

"నువ్వేగా వదినా చెప్పింది, ఒక చుట్ట దూరమని. పేరు రాయలేదు గానీ నా చిత్తు పుస్తకంలో నీ ఇల్లే రాసుకున్నాను."

"సెప్పినాను. ఒక సుట్టే. అప్పుడూ ఒక సుట్టే, ఇప్పుడూ ఒక సుట్టే. నానేటి అబద్దం సెప్పినానా?"

"మరింక నా తప్పేముంది?"

"అదే నాకూ తెల్దు. తెలిస్తే ఇంత ఎండలో ఎందుకొస్తాను? నీ ఇంట్లో మజ్జిగుందని ఒచ్చినానా?"

అరుగు మీద కూర్చుంది. మొలలోంచి చుట్ట తీసింది. అగ్గిపుల్ల గీసి ముట్టించి, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుంది.

అడ్డపొగ అంటారు దాన్ని. మా వైపు ఆడవాళ్ళు చాలామంది అలాగే కాలుస్తారు. నాట్లు వేస్తున్నా, మోపు మోస్తున్నా రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, గాలికీ వానకూ ఆరదు. అంగిట్లో పుండ్లు పడతాయి, అవి ముదిరి ఏమవుతాయో కూడా నేను చూశాను. ముప్పై ఏడేళ్ళు ఆ చుట్ట మీద నేను చెయ్యని యుద్ధం లేదు. నా ముందు ఏ ఆడమనిషీ చుట్ట కాల్చేది కాదు. ఆ రోజు ఆమె కావాలనే కాల్చింది. నన్ను ఎలా తిట్టాలో తెలియక అలా తిట్టింది.

గోడ గడియారం పది పదిహేను చూపిస్తోంది. నాకున్న అలవాటది, ఎవరు వచ్చినా, ఏది మొదలైనా గడియారం చూస్తాను. ఆమె చుట్ట నోట్లో ఉండగానే మాట్లాడుతోంది. పొగ పెదవి మూల నుంచి సన్నగా వస్తోంది. జూన్ నెలలో గెడ్డ ఎంత ఎత్తున వస్తుందో చెబుతోంది. వాళ్ళ కోడలు పిల్లల్ని దాటించి మళ్ళీ సాయంత్రం ఎదురెళ్ళాలంటే కూలి మానుకోవాలని చెబుతోంది. పది ఇరవై ఏడు అయింది. నౌకరు చుట్ట అయితే ఈపాటికి అయిపోయేది. నేను లోపలికి వెళ్ళి మజ్జిగ కలిపి తెచ్చాను. చుట్ట ఇంకా ఉంది. పది ముప్పై ఐదు. ఇంకా ఉంది. పది నలభైకి ఆమె దాన్ని బయటికి తీసి, వేలెడు ముక్కను అరుగు అంచున నలిపింది.

ఇరవై ఐదు నిమిషాలు.

గడియారం నుంచి చూపు తిప్పి ఆమె నలిపిన ముక్కను చూశాను.

"ఏటైనాది?" అంది ఆమె. "అలా సూస్తన్నావేటి?"

"వదినా, పెద్దూరు నుంచి మీ ఊరికి వెళ్ళేటప్పుడు చుట్ట ఇలాగే పెట్టుకుంటావా? నిప్పు లోపలికి?"

"మరెలా ఎట్టుకుంటాను? మగోడిలా బయటికా? గాలికి సగం అదే తినీదా?"

"ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూడలేదే!"

"నీ ముందెవులు కాలుస్తారు తల్లీ? నువ్వొస్తన్నావంటే పేటంతా సుట్టలు సూర్లో దాసీసుకునీవోళ్ళం. ఒకపాలి మా తోడికోడలు ఒంగి కొంగులో దాసీసినాది. నువ్వు ఆ బిడ్డని తూస్తన్నావు, ఇక్కడ దాని సీర కాలిపోతన్నాది. అయినా పలకనేదు గదా అది!"

ఆ చీర నాకు గుర్తుంది. ఏదో కాలుతోందని నేను అడిగితే పొయ్యిలో చోడి అంబలి మాడిందన్నారు. నమ్మాను.

వాళ్ళు నాకు భయపడి దాచారు. నేను మగవాడి చుట్టను కొలిచి, ఆడవాళ్ళు చెప్పిన దూరానికి దాన్ని అంటగట్టాను. లెక్కలో తప్పు లేదు. కొలతలోనే ఉంది తప్పు. ఆమెకు ఇది విడమరచి చెప్పాను. అంతా విని ఆమె తేలిగ్గా తీసుకుంది.

"ఓస్, ఇంతేనా? అయితే ఎక్కువున్నాదని రాసీ. రాసినదానివి నువ్వే గదా. కొట్టీసి రాసీ."

"ఎంతని రాయను?"

"కిలోమీటరుకి మించి ఎంతో ఒకటి."

"ఎంతో ఒకటి రాస్తే అదీ అబద్ధమే. కొలవాలి."

మేస్త్రీ దగ్గర ముప్పై మీటర్ల టేపు అడిగి తెచ్చుకున్నాను. శుక్రవారం, ఏప్రిల్ ఇరవై రెండున పొద్దున్న ఆరున్నరకు పెద్దూరు బడి గుమ్మం దగ్గర మొదలుపెట్టాం. నేను, వదిన, ఆమె కోడలు. కోడలు టేపు ఒక కొస పట్టుకుని ముందు నడుస్తుంది, వదిన రెండో కొస మీద కాలు పెట్టి నిలబడుతుంది, నేను మధ్యలో టేపు ఏ తుప్పకూ తగలకుండా సరిచేస్తూ నడుస్తాను. ఒక్కో టేపుకు నేను నోటు పుస్తకంలో ఒక గీత గీస్తాను. వదిన ఒక చింతపిక్కను కుడిచేతి సంచిలోంచి తీసి ఎడమకొంగులో వేసుకుంటుంది. ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుందని ఆ ఏర్పాటు.

మొదటి టేపు పరిచామో లేదో పెద్దూరు పెద్దమనిషి ఒకాయన తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏటి నర్సమ్మా, మా ఊరు అమ్మకానికి ఎట్టీసినారేటి?"

"పేటకు దూరం కొలుస్తున్నాం."

"దాన్ని కొలిసీదేటి? ఇదిగో, ఇక్కడే. ఆ ఆపీసరు బాబు అడిగితే నానూ అదే సెప్పినాను. మా అప్పని ఇచ్చినాం ఆ ఊరు, నాకు తెల్దా?"

ఇది ఇక్కడి మర్యాద. పిల్లనిచ్చిన ఊరిని గానీ తెచ్చుకున్న ఊరిని గానీ దూరమని ఎవరూ అనరు. అంటే చుట్టరికం వద్దనుకున్నట్టు. కొండ దాటి, గెడ్డ దాటి, పూట నడిచి వెళ్ళే ఊరైనా "ఇదిగో ఇక్కడే". ఇరవై ఆరు ఊళ్ళ చరిత్ర రాసినదాన్ని, ఈ ఊళ్ళలో దూరం అడగకూడదని నాకు తెలిసి ఉండాల్సింది.

వదిన పిక్కల సంచి నడుముకు దోపుకుని ఆయన వైపు తిరిగింది.

"ఇదిగో ఇక్కడే అయితే మీ అప్ప సచ్చిపోనాదని కబురంపితే మూడో రోజుకి ఒచ్చినావేటి మావా? దారి తప్పిపోనావేటి?"

"ఒలే, అప్పుడు గెడ్డ ఒచ్చీసినాది గదే!"

"అదే సెప్పు మరి ఆపీసరు బాబుకి. గెడ్డ ఒస్తాదని సెప్పు."

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మాతో జీడితోట చివరి దాకా నడిచి, అక్కడ తుప్పలు పక్కకు వంచి పట్టుకున్నాడు. ఆయన చేసిన సహాయం అంతే, కానీ అది నేను రాసుకున్నాను.

జీడితోట దాటాక దారి దిగుతుంది. రాళ్ళు. పదమూడో టేపు దగ్గర నా కాలు జారింది, పడలేదు. గెడ్డలో ఏప్రిల్ నెల కాబట్టి నీళ్ళు మోకాలి లోపే ఉన్నాయి. టేపు నీళ్ళ మీద తేలకుండా కోడలు బిగించి పట్టుకుంది. గెడ్డ దాటాక ఎక్కుడు. పైన ఒక బండ మీద కూర్చుని ఊపిరి తీసుకున్నాను. పేట బడి గుమ్మం చేరేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది.

నా గీతలు యాభై మూడు, ఆఖరున పదిహేడు మీటర్లు. వదిన కొంగులో పిక్కలు యాభై నాలుగు.

"ఒకటి తేడా వచ్చింది," అన్నాను.

"వస్తే ఏటవుద్ది? ఎలా సూసినా కిలోమీటరు దాటి సగం ఎలిపోనాది గదా!"

"రేపు మళ్ళీ కొలవాలి."

వదిన బడి గోడకు చేరబడి కోడలి వైపు చూసింది. "ఇదుగో పిల్లా, ఈ మనిషి పురుడు పోస్తే బిడ్డ కూడా లెక్క సరిపోయే దాకా బయటికి రాకూడదు. అలాటి మనిషి."

"ఒక్క తేడా వల్లే కదా వదినా ఇంత దాకా వచ్చింది," అన్నాను. కోడలు టేపు చుట్టింది.

శనివారం మళ్ళీ కొలిచాం. ఈసారి గెడ్డలో కూడా పుస్తకం చేతిలోంచి దించలేదు. నిన్న అక్కడే ఒక గీత మరిచిపోయి ఉంటాను, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవడంలో. గీతలు యాభై నాలుగు, పిక్కలు యాభై నాలుగు, ఆఖరున పందొమ్మిది మీటర్లు. పిక్కల లెక్కన మొదటి రోజుది వెయ్యిన్నీ ఆరు వందల ముప్పై ఏడు, రెండో రోజుది ముప్పై తొమ్మిది. తక్కువది రాయాలని నిర్ణయించుకున్నాను. మనకు కావలసింది ఎక్కువ అయినప్పుడు తక్కువది రాయడమే న్యాయం.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక ఉత్తరం రాశాను. నాలుగు వరుసలు. "నా పుస్తకం ముప్పై ఒకటో పేజీలో పెద్దూరు నుంచి పేటకు రాసిన దూరం తప్పు. ఆ తప్పు పేట వారిది కాదు, నాది. కొలిచిన దూరం 1,637 మీటర్లు. మధ్యలో గెడ్డ ఉంది." సంతకం పెట్టాను. ముప్పై ఏడేళ్ళ ఉద్యోగంలోనూ, ఆ తర్వాతా తప్పు ఒప్పుకుంటూ రాసిన కాగితం ఇదొక్కటే.

సోమవారం మండల కార్యాలయానికి వెళ్ళాను. విద్యాశాఖ అధికారి కుర్రవాడే, మర్యాదస్తుడు. నా పుస్తకం ఆయన బల్ల మీదే ఉంది, పేజీల మధ్య కాగితం ముక్కలు పెట్టుకున్నాడు. ఉత్తరం చదివి పక్కన పెట్టాడు.

"అమ్మా, రెవెన్యూ పటంలో పేట విడిగా లేదు. ఫోను మ్యాపులో దారే చూపించదు. పెద్దూరులో అడిగితే దగ్గరే అన్నారు. రాతలో ఉన్న లెక్క మీ పుస్తకం ఒక్కటే. దాన్ని నమ్మే కలిపే బడుల జాబితాలో పేట పేరు రాశాం. ఇప్పుడు మీరే తప్పంటున్నారు. నేను ఏది నమ్మాలి?"

అతను కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

"పుస్తకాన్ని నమ్మకండి బాబూ," అన్నాను. "ఈ ఉత్తరాన్నీ నమ్మకండి. పెద్దూరు బడి నుంచి పేట బడికి ఒకసారి నడవండి. నడిచాక మీరు ఎంతంటే అంతే. ఒక్క మీటరు కూడా నేను వాదించను."

ఆయన క్యాలెండరు చూశాడు. నెలాఖరుకు జాబితా పైకి పోవాలన్నాడు. "గురువారం," అన్నాడు చివరికి.

గురువారం, ఏప్రిల్ ఇరవై ఎనిమిది. పెద్దూరు బడి గుమ్మంలో వదిన మా కంటే ముందే వచ్చి నిలబడింది. అధికారిని చూడగానే చుట్ట తీసి ముట్టించి నిప్పు లోపలికి పెట్టుకుంది. అతను ఉలిక్కిపడ్డాడు.

"కాలదా అమ్మా?"

"అరవై ఏళ్ళ నుంచి కాలుతన్నాది బాబూ. ఇంకా అయిపోనేదు. నడు."

నేను వాచీ చూసుకున్నాను. తొమ్మిదీ ఐదు. జీడితోట దాకా అతను ఫోనులో అడుగులు చూసుకుంటూ నడిచాడు. దిగుడులో ఫోను జేబులో పెట్టేశాడు. గెడ్డ దగ్గర బూట్లు విప్పి చేతిలో పట్టుకుని దాటాడు. అవతలి గట్టున ఒక జీడిచెట్టు ఉంది. దాని కొమ్మల్లో ఎండుగడ్డి, కంపలు చిక్కుకుని ఉన్నాయి, కిందటేడు నీళ్ళు వదిలి వెళ్ళినవి. ఆయన వాటి కింద నిలబడి తల పైకెత్తి చూశాడు. చెయ్యి చాపితే వేళ్ళకు అందేంత ఎత్తు.

"నీళ్ళు ఇక్కడి దాకా వస్తాయా?"

కొమ్మల్లో గడ్డే చెబుతోంది.

"ఎప్పుడైనా ఏమైనా... పిల్లలకు..."

వదిన గెడ్డ వంపు వైపు చూడకుండా నిలబడింది. నోట్లో చుట్ట ఉంది. నేను ఆమెను చూశాను. పేటకు బడి 1987లో వచ్చింది. అంతకు ముందు ఏడాది ఆగస్టులో, పెద్దూరు బడి నుంచి వస్తున్న ఒక ఆడపిల్ల ఈ వంపులో కొట్టుకుపోయింది. ఏడేళ్ళది. వదిన రెండో కూతురు. ఆ పిల్ల పుట్టిన తేదీ, వేళ, బరువు నా అయిదో పుస్తకంలో ఉన్నాయి. ఆ తర్వాత పేట వాళ్ళు బడి ఇమ్మని అడుగుతూ కూర్చోలేదు. తామే తాటాకు పాక వేసి, అటునుంచి వచ్చేటప్పుడు మోసుకొచ్చిన ఒక ద్వారబంధం దానికి నిలబెట్టి, మాస్టారును పంపండని కాగితం పెట్టారు. ఆ ద్వారబంధం వదిన ఇంటిది. ఇప్పటికీ బడికి అదే గుమ్మం. వదిన ఇంటికి మామూలు వెదురు తలుపు.

"జరిగినాది," అంది వదిన. అంతే అంది.

నాకు తేదీ నోటికి వచ్చు. చెప్పలేదు.

ఎక్కుడు మీద ఆయన రెండుసార్లు ఆగాడు. వదిన ఆగలేదు. పేట బడి గుమ్మం ముందు ఆమె చుట్ట ముక్క తీసి మట్టిలో నలిపి, "ఒక సుట్ట," అంది. వాచీలో తొమ్మిదీ ముప్పై రెండు. ఇరవై ఏడు నిమిషాలు. ఆయన ఆ పనసచెక్క గుమ్మం మీద చెయ్యి వేసి నిలబడి, కాగితం తీసి రాసుకున్నాడు. ఏం రాశాడని నేను అడగలేదు. వాదించనని మాటిచ్చాను కదా.

ఆ ఏడు జూన్‌లో పేట బడి తెరిచారు. మరుసటి ఏడు మళ్ళీ జాబితా వచ్చింది, పేట అందులో లేదు. ఈ ఏడు, 2019లో, పదకొండు మంది ఉన్నారు. ఎంతకాలం ఉంటుందో నేను చెప్పలేను. ఋజువు లేని మాట రాయను.

నేను చెయ్యవలసింది ఇంకా ఉంది. పుస్తకంలో చుట్ట లెక్కన రాసిన దూరాలు మొత్తం ఏడు. వాటిలో రెండు నౌకరుతో నడిచి రాసినవి, ఐదు ఆడవాళ్ళు చెప్పినవి. పేట పోగా మిగిలిన నాలుగింటినీ 2016 డిసెంబరులోగా టేపుతో కొలిచాను. నాలుగూ తప్పే. మేస్త్రీ టేపు తిరిగి ఇచ్చేసరికి దాని మీద అంకెలు కొన్ని చెరిగిపోయాయి. కొత్తది కొనిచ్చాను.

తర్వాత సవరణ చీటీలు అచ్చు వేయించాను, ఐదు దూరాలకూ కలిపి ఒకటే చీటీ, మూడు వందలు. పుస్తకం ఎవరెవరికి ఇచ్చానో నా దగ్గర పట్టిక ఉంది. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి, పుస్తకం తీయించి, ముప్పై ఒకటో పేజీలో నా చేత్తో నేనే అంటించి వచ్చాను. కొండకు అటు ఒరిస్సా వైపు పన్నెండు ప్రతులు ఉంటే వాటికీ వెళ్ళాను. కొందరు నవ్వారు, కొందరు పుస్తకం ఉందన్న సంగతే మరిచిపోయారు. ఒకాయన దాన్ని బియ్యం డబ్బా మీద మూతగా వాడుతున్నాడు. మూత తీయించి అంటించాను. ఇప్పటికి రెండు వందల ఎనభై ఒకటి అయ్యాయి.

వదినది రెండు వందల అరవై నాలుగోది. ఆమెకు చదువు రాదు. పుస్తకాన్ని చూర్లో, ఒకప్పుడు చుట్టలు దాచిన చోటే దాచింది. నేను చీటీ తీయగానే మనవరాలిని పిలిచి చదవమంది. ఆ పిల్ల నిలబడి తమ ఊరిది చదివింది: "పెద్దూరు నుంచి పేటకు దూరం 1,637 మీటర్లు. మధ్యలో గెడ్డ ఉంది."

"ఇందులో నాను సెప్పింది ఏదీ?" అంది వదిన.

"నువ్వు చెప్పినది చుట్ట. కొలిచింది ఇది."

"నాను సెప్పింది తప్పని రాసినట్టున్నాది. నాను తప్పు సెప్పనేదు నర్సమ్మా. నువ్వే తప్పు రాసుకున్నావు. నా సుట్ట లేకుండా అంటించీయకు."

"అచ్చయిపోయింది వదినా."

"అయితే ఏటి? నీ సేతిలో కలం లేదేటి?"

ఆమె అన్నది నిజమే. ఆమె లెక్కలో మొదటి నుంచీ తేడా లేదు. నేను కలం తీసి చీటీ కింద ఒక వరుస రాసి, మనవరాలి చేత చదివించి, అంటించాను. ఆ తర్వాత మిగిలిన చీటీలన్నిటి మీదా అదే వరుస రాశాను. అంతకు ముందు అంటించిన రెండు వందల అరవై మూడు ప్రతుల దగ్గరికీ ఇప్పుడు మళ్ళీ వెళుతున్నాను, రోజుకు మూడు ఇళ్ళు, ఆదివారం తప్ప. ఆ వరుస ఇది:

"పేట ఆడవాళ్ళ చుట్టతో ఒకటి. వాళ్ళు చెప్పింది సరైనదే."